చట్టం మిగిల్చిన బోరు

ఒక పిస్టల్ అరుదైనదా కాదా అన్నది దాని మీద చెక్కిన కంపెనీ పేరును బట్టి గాని, లోహపు పనితనాన్ని బట్టి గాని తేలదు. అందులో పట్టే తూటా ఆ ప్రాంతంలో దొరుకుతుందా, అక్కడి చట్టం దానిని అనుమతిస్తుందా అన్న రెండు విషయాలను బట్టే తేలుతుంది. 1896లో అమెరికాలోని స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఒక కొత్త రివాల్వర్‌తో పాటు ప్రవేశపెట్టిన .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ అనే తూటా చరిత్ర ఈ మాటకు నిదర్శనంగా నిలుస్తుంది. పుట్టిన దేశంలో పోలీసులు .38 స్పెషల్ వైపు, ఆ తరువాత 9 మిల్లీమీటర్ల తూటా వైపు మళ్లిపోవడంతో, అది అక్కడ పాత రివాల్వర్లను భద్రపరచుకునేవారికీ, గురి పోటీల్లో పాల్గొనేవారికీ తప్ప మరెవరికీ పెద్దగా అక్కరకు రాని తూటాగా మిగిలింది. భారతదేశంలో మాత్రం లైసెన్సు గల పౌరుడి రివాల్వర్ అంటే చాలా కాలంగా .32 బోరు రివాల్వరే. హైదరాబాద్ తూర్పు వైపున ఉప్పల్‌లోనో, నాచారం పారిశ్రామికవాడలోనో ఒక వ్యాపారి ఆత్మరక్షణ కోసం లైసెన్సు సంపాదించుకుంటే, ప్రపంచమంతటా విరివిగా అమ్ముడయ్యే 9 మి.మీ. పిస్టల్ ఆయనకు అందని వస్తువు కాగా, ఇతర దేశాల దుకాణదారు అలమర వెనుక నుంచి వెతికి తీయవలసిన .32 తూటా ఆయనకు మామూలు సరుకు. ఈ తారుమారుకు కారణం తుపాకి శాస్త్రం కాదు, ఆయుధ చట్టం. అయితే చట్టం వద్దన్నవి తీసివేయగా మిగిలిన ఈ తూటా, గురి కోసమే కావాలని రూపొందించినంత అనువుగా ఉండడం గమనించదగినది.

శాస్త్రపరంగా తూటా అంటే నాలుగు భాగాలు కలిసిన ఒక వస్తువు: ఇత్తడితో చేసిన గుల్ల, దాని అడుగున కొట్టగానే నిప్పు రాజేసే ప్రైమర్ అనే చిన్న గిన్నె, గుల్ల లోపల పొగ తక్కువగా వచ్చే మందు, మూతి దగ్గర బిగించిన సీసపు గుండు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఫైరింగ్ పిన్ అనే మొన ప్రైమర్‌ను కొడుతుంది. ఆ నిప్పుకు మందు క్షణంలో వాయువుగా మారి, ఆ వాయువు గుండును గొట్టం వెంట ముందుకు నెడుతుంది. గొట్టం లోపలి వ్యాసాన్ని అంగుళాల్లో గాని మిల్లీమీటర్లలో గాని చెప్పడమే బోరు, లేదా కేలిబర్. అయితే ఈ అంకెలను కొలతలుగా కాక పేర్లుగా తీసుకోవడమే క్షేమం, ఎందుకంటే .32 అని పిలిచే గుండు నిజానికి .312 అంగుళాలు, అంటే 7.9 మి.మీ. వ్యాసంతో ఉంటుంది, .38 స్పెషల్ గుండు కొలిస్తే .357 మాత్రమే తేలుతుంది. పైగా .32 అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు తూటాలు వాడుకలో ఉన్నాయి. 1878 నాటి పొట్టి రివాల్వర్ తూటా మొదటిది. దాని గుల్లను పొడిగించి చేసిన 1896 నాటి లాంగ్ రెండవది. ఆటోమేటిక్ పిస్టళ్ల కోసం జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన, ఐరోపా లెక్కలో 7.65 మి.మీ. అని పిలిచే ఎసిపి తూటా మూడవది. చివరి రెండింటి గుండు వ్యాసం దాదాపు ఒకటే అయినా గుల్ల పొడవు ఒకదానికి 23 మి.మీ. పైచిలుకు, మరొకదానికి 17 మి.మీ. పైచిలుకు, అడుగు అంచు ఒకదానికి వెడల్పు, మరొకదానికి నామమాత్రం, లోపల పుట్టే పీడనం ఎసిపిలో ఎక్కువ. అందువల్ల ఒకదాని తూటా మరొకదాని ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గదిలో, పెట్టి పేల్చడం ప్రమాదకరం.

భారతీయ చట్టం కూడా తుపాకిని దాని ఛాంబర్‌ను బట్టే గుర్తిస్తుంది. 1959 నాటి ఆయుధ చట్టం కింద 1962లో వచ్చిన నిబంధనల షెడ్యూలు పిస్టళ్లను, రివాల్వర్లను పేర్లతో నిషేధించలేదు. సైన్యం వాడే 9 మి.మీ. తూటాను గాని, .380, .455 అంచు తూటాలను గాని తనలో పట్టించుకుని పేల్చగల ఆయుధం ఏదైనా నిషిద్ధ బోరేనని చెప్పింది. రైఫిళ్లలో .303, 7.62 మి.మీ. తూటాలకూ ఇదే సూత్రం వర్తించింది. ఆయుధం దొరికినా తూటా దొరకకపోతే అది ఇనుప ముక్కతో సమానమని, తూటా దొంగిలించగలిగినవాడికి మాత్రం అదే పెద్ద బలమని గ్రహించినవారు రాసిన నిబంధన ఇది. సైనిక గిడ్డంగి నుంచి ఒక పెట్టె తూటాలు మాయమైతే అవి పౌరుల తుపాకుల్లో పనికిరాకూడదన్నదే దాని వెనుక ఉన్న తర్కం. నిషిద్ధ బోరు ఆయుధానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా అలాంటి ఆయుధాన్ని కలిగి ఉంటే, 2019 సవరణ తరువాత, శిక్ష 7 ఏళ్ల నుంచి మొదలై 14 ఏళ్ల దాకా వెళ్లవచ్చు.

ఈ తర్కం స్వతంత్ర భారతం కొత్తగా కనిపెట్టింది కాదు. 1857 తిరుగుబాటు తరువాత రెండు దశాబ్దాలకు బ్రిటిష్ ప్రభుత్వం 1878 ఆయుధ చట్టం తెచ్చింది. 1907 ప్రాంతంలో అదే ప్రభుత్వం భారతదేశంలోను, సూడాన్‌లోను .450 బోరు రైఫిళ్ల దిగుమతిని నిలిపివేసింది, ఎందుకంటే పాత మార్టినీ హెన్రీ సైనిక రైఫిల్ గుండు కూడా ఆ కొలతదే కాబట్టి తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతుందన్న భయం పాలకులను వెంటాడింది. ఏనుగులను, అడవి దున్నలను వేటాడే రైఫిళ్లు అమ్ముకుని బతికే ఇంగ్లండ్ తుపాకి కంపెనీలకు భారతదేశం పెద్ద మార్కెట్. అది చేజారకుండా ఉండేందుకు అవి .465, .470, .475 వంటి బోర్లను ఆశ్రయించాయి. వేట సాహిత్యంలో ఘనంగా వినిపించే ఈ అంకెల వెనుక ఉన్నది జంతువు చర్మం మందమో, ఎముక గట్టితనమో అనుకుంటే పొరపాటు. అసలు కారణం కలకత్తాలోని ఒక సర్కారీ కాగితం. ఇలాగే సైన్యానికి చెందిన .303కు బదులుగా పౌరుల కోసం .315 అనే బోరు ఈ దేశంలో స్థిరపడింది. ఆస్ట్రియాలోని మాన్లిషర్ సైనిక రైఫిల్ తూటా నుంచి వచ్చిన ఈ బోరు పేరు చెబితే ఇతర దేశాల్లో తలూపేవారు కొద్దిమందే.

దిగుమతులు 1980ల నుంచి సామాన్య లైసెన్సుదారులకు దాదాపు మూసుకుపోవడంతో, పౌరుడి చేతికి వచ్చే కొత్త ఆయుధాలు చాలా కాలం పాటు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల నుంచే వచ్చాయి. కాన్పూర్ రివాల్వర్‌గా పేరుపడిన .32 రివాల్వర్ బ్రిటిష్ కాలపు వెబ్లీ నమూనాకు వారసురాలు. గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ తెరుచుకుని ఖాళీ గుల్లలు పైకి లేస్తాయి. ఇఛాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అశని పేరుతో .32 ఎసిపి పిస్టల్ తయారు చేసింది. 1869 నుంచి నడుస్తున్న పుణె సమీపంలోని ఖడ్కీ కర్మాగారపు తూటాల అడుగున కెఎఫ్ అన్న రెండు అక్షరాల ముద్ర ఉంటుంది. 2021 అక్టోబరు 1న ఈ కర్మాగారాల బోర్డు ఏడు కంపెనీలుగా విడిపోయింది. ప్రైవేటు తయారీదారులూ రంగంలోకి వచ్చారు. కాని బోరు మాత్రం మారలేదు. 2023లో ప్రబల్ పేరుతో వచ్చిన కొత్త రివాల్వర్ కూడా .32 బోరుదే.

ఇంతకూ ఆ .32 లాంగ్ తూటా బలమెంత? సుమారు 6.35 గ్రాముల గుండు సెకనుకు 215 మీటర్ల ప్రాంతపు వేగంతో గొట్టం దాటుతుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగమే తుపాకి వెనక్కి తన్నడానికి మూలం. ఆ లెక్కన ఈ గుండు ద్రవ్యవేగం సెకనుకు దాదాపు 1.4 కిలోగ్రామ్ మీటర్లు, 8 గ్రాముల గుండును సెకనుకు 350 మీటర్ల వేగంతో విసిరే 9 మి.మీ. తూటాది దాదాపు 2.8. అంటే ఒకే బరువున్న రెండు పిస్టళ్లలో .32 పిస్టల్ సగం వేగంతోనే వెనక్కి వస్తుంది; గతిజశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి చేతిని తాకే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గురి పోటీలో రెండో తూటాకు ముందు పిస్టల్‌ను మళ్లీ అదే చోట నిలపవలసిన చేతికి ఈ నాలుగో వంతు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఇదే లెక్క మరో వైపు కూడా పనిచేస్తుంది. మహిళల ఆత్మరక్షణ కోసమంటూ 2014 జనవరిలో కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ అనే .32 రివాల్వర్‌ను టైటానియం మిశ్రమలోహంతో అర కిలో బరువుకు దించారు. ధర అప్పట్లో లక్షా 22 వేల రూపాయలకు పైమాటే. అర కిలో ఆయుధం నుంచి అదే గుండు వెలువడితే వెనుదన్ను వేగం కిలో బరువున్న 9 మి.మీ. పిస్టల్ వేగంతో దాదాపు సమానమవుతుంది. తేలికదనం చేతిసంచిలో మోయడానికి మేలే గాని, కొత్తగా పేల్చడం నేర్చుకునే చేతికి మేలు కాదు. ప్రచారంలో ఈ రెండో సంగతికి చోటు దొరకకపోవడం ఆశ్చర్యం కలిగించదు.

వేగం తక్కువ కావడం వల్ల మరో రెండు ఫలితాలున్నాయి. మే నెల ఎండలో హైదరాబాద్ గాలిలో ధ్వని వేగం సెకనుకు 355 మీటర్ల దాకా ఉంటుంది; .32 లాంగ్ గుండు అందుకు చాలా వెనుకబడి ఉంటుంది కాబట్టి, ధ్వనిని మించిన గుండు దారి పొడవునా మోగించే చెళ్లుమనే శబ్దం దీనికి ఉండదు, గొట్టం మూతి దగ్గర వాయువు విడుదలయ్యే చప్పుడే వినిపిస్తుంది. రెండవది గుండు కిందికి జారడం: 25 మీటర్ల దూరం దాటడానికి దానికి 0.12 సెకను పడుతుంది, ఆ లోపు భూమ్యాకర్షణ దానిని దాదాపు 7 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. ఈ 7 సెంటీమీటర్లను సరిచూసుకునేందుకే పోటీ పిస్టల్ వెనుక సైటును సన్నని మరతో మీదికీ కిందికీ జరిపే ఏర్పాటు ఉంటుంది.

అంతర్జాతీయ షూటింగ్‌లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ అనే పోటీ ఉంది. ప్రైమర్ గుల్ల అడుగు మధ్యలో ఉండే తూటాలను వాడడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది; .22 తూటాలో ప్రైమర్ పదార్థం అంచు లోపలే ఉంటుంది. నిబంధనలు 7.62 నుంచి 9.65 మి.మీ. దాకా ఏ బోరునైనా అనుమతించినా, ఎన్నో దశాబ్దాలుగా ఉత్తమ శ్రేణి షూటర్లు ఎక్కువగా ఎంచుకుంటున్నది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్‌నే. అందుకోసం వాడే గుండుకు మొన ఉండదు. వాడ్‌కట్టర్ అనే ఈ బల్లపరుపు గుండు గుల్ల మూతితో సమానంగా లోపలికే దిగిపోయి ఉంటుంది, కాగితపు టార్గెట్‌ను చింపకుండా గుండ్రంగా కోసుకుని వెళ్తుంది. షూటర్ ఒంటిచేత్తో, కనీసం ఒక కిలో బరువును మోయగలిగేంత గట్టి ట్రిగ్గర్‌తో 60 తూటాలు పేల్చాలి. మొదటి 30 తూటాలకు 50 మి.మీ. వ్యాసపు పది వలయం లక్ష్యం, 5 తూటాలకు 5 నిమిషాల గడువు. మిగిలిన 30 తూటాల్లో టార్గెట్ 3 సెకన్లు ఎదురుగా తిరిగి 7 సెకన్లు మొహం చాటేస్తుంది, ఆ 7 సెకన్లలో చేయి 45 డిగ్రీల కిందికి దిగి ఉండాలి, టార్గెట్ తిరిగాకే పైకి లేచి ఒకే ఒక్క తూటా పేల్చాలి. కాగితం మీద రంధ్రం అంచు వలయపు గీతను తాకితే పై పాయింటే దక్కుతుంది కాబట్టి పెద్ద బోరువారికి అన్యాయపు లాభం కలగకుండా, ఏ బోరుతో పేల్చినా లెక్కను 9.65 మి.మీ. కొలత గేజితోనే తేల్చే పద్ధతి పెట్టారు. దాంతో లావు గుండు వాడడానికి ఉన్న ఒకే ఒక్క ప్రలోభం కూడా పోయింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఈ పోటీలోనే 600కు 590 పాయింట్లు సాధించి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేశాడు.

అయితే అంచు గల రివాల్వర్ తూటాను ఆటోమేటిక్‌గా గుల్ల మార్చుకునే పిస్టల్‌లో నడిపించడం ఇంజనీర్లకు తలనొప్పి తెచ్చిన పని. మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచు వెనుక చిక్కుకుంటే స్లైడ్ ముందుకు తోసినా అది కదలదు. అందువల్ల పై అంచు ఎప్పుడూ కింది అంచుకు ముందు వాలేలా ఒక్కొక్కటిగా చేత్తో సర్ది నింపాలి. వాల్తర్ జిఎస్‌పి, పార్డిని వంటి పోటీ పిస్టళ్లలో అయిదు తూటాల మ్యాగజైన్ పిడిలో కాక ట్రిగ్గర్‌కు ముందు, నిటారుగా ఉంటుంది. తూటా ఛాంబర్‌లోకి దాదాపు తిన్నగా జారుతుంది, మొన లేని గుండు దారిలో తట్టుకోదు. ఇటువంటి పిస్టల్ గాని, వాడ్‌కట్టర్ తూటాలు గాని భారతదేశంలో సాధారణ దుకాణపు సరుకు కాదు. గుర్తింపు పొందిన షూటర్లకు ఇచ్చే దిగుమతి వెసులుబాటుతోనే అవి వస్తాయి. అంటే ఆత్మరక్షణ లైసెన్సుదారుకు మామూలుగా దొరికే .32, క్రీడాకారుడి రూపంలో మళ్లీ అరుదైన వస్తువు అవుతుంది.

నగర భూగోళం కూడా ఈ విషయంలో తూర్పువారికి అనుకూలంగా లేదు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన షూటింగ్ రేంజ్ గచ్చిబౌలి వైపు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో, నగరానికి పడమటి కొసన ఉంది. ఉప్పల్, నాచారాల నుంచి అక్కడికి చేరాలంటే నగరాన్ని అడ్డంగా దాటాలి. ఇక నగరానికి పేరు తెచ్చిన షూటర్ తూటా కూడా .32 కాదు: 2022 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 25 మీటర్ల పిస్టల్‌లో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచిన హైదరాబాదీ ఈషా సింగ్ ఆ పోటీలో వాడేది .22 బోరు, మహిళల 25 మీటర్ల పోటీ ఆ తూటాతోనే జరుగుతుంది.

లైసెన్సు విషయానికి వస్తే, 2016లో రాచకొండ పోలీసు కమిషనరేట్ ఏర్పడినప్పుడు ఉప్పల్, నాచారం పోలీసు స్టేషన్లు దాని పరిధిలో చేరాయి. కమిషనరేట్ ఉన్న చోట లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనర్‌దే. దరఖాస్తుదారు ప్రాణానికి నిజంగా ముప్పు ఉందా, నడవడి ఎలాంటిది అన్న విచారణ స్థానిక స్టేషన్ నుంచే మొదలవుతుంది. అదే ఏడాది వచ్చిన కొత్త ఆయుధ నిబంధనలు భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. బరాత్‌లో సంబరంగా గాల్లోకి పేల్చడం ఇప్పుడు ప్రత్యేక నేరం, రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడగానే లైసెన్సు ఆయుధాలను స్టేషన్‌లో అప్పగించమనే పిలుపు వస్తుంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య, రేంజ్ అందుబాటులో లేక, ఏడాదికి పేల్చే తూటాలు వేళ్ల మీద లెక్కపెట్టే స్థితిలో ఉన్న యజమాని ఆపద సమయంలో ఆ రివాల్వర్‌ను సవ్యంగా వాడగలడని ఆశించడం కష్టం. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినప్పుడు గాని, ఆయుధం 25 ఏళ్లు తన వద్ద ఉన్నప్పుడు గాని దానిని చట్టబద్ధ వారసుడికి బదిలీ చేయించుకునే వీలు నిబంధనల్లో ఉంది. కాల్చడం తెలియని రెండో తరానికి కాన్పూర్ రివాల్వర్ ఆ దారిలో చేరుతుంటుంది. ఎన్.టి. రామారావు నాచారంలో నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో వంటి చోట్ల వెలిసిన తెలుగు సినిమా అయితే ఆరు గదుల సిలిండర్ నుంచి పది, పదిహేను తూటాలు నిస్సంకోచంగా పేల్పిస్తుంది, వెనుదన్ను అన్నది కథానాయకుడి మణికట్టుకు తెలియదు. సినిమాలో పేలే తూటాలో మందు ఉంటుంది గాని గుండు ఉండదు కాబట్టి ఆ మణికట్టును తప్పుపట్టనూ లేము.

ఉప్పల్‌కు ఆనుకుని ఉన్న రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ సైన్స్ ప్రయోగశాలలో బోరు మరో రకంగా మాట్లాడుతుంది. గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడులను రైఫ్లింగ్ అంటారు. గుండు తనచుట్టూ తాను తిరుగుతూ తిన్నగా పోవడానికి ఉద్దేశించిన ఈ గాడులు గుండు ఒంటి మీద తమ అచ్చులను వదులుతాయి. గాడుల సంఖ్య, వెడల్పు, అవి తిరిగే దిశ ఒక నమూనా తుపాకులన్నింటికీ ఉమ్మడి లక్షణాలు. గాడులు కోసిన పనిముట్టు అరుగుదల వల్ల, తరువాతి తుప్పు, వాడకాల వల్ల ఏర్పడే అతి సన్నని గీతలు మాత్రం ఆ ఒక్క గొట్టానికే చెందుతాయి. అనుమానిత ఆయుధాన్ని నీటి తొట్టిలోకో, దూది నింపిన పెట్టెలోకో పేల్చి, చెక్కుచెదరని గుండును తీసి, నేరస్థలంలో దొరికిన గుండు పక్కన పోలిక సూక్ష్మదర్శిని కింద పెడతారు. 1920లలో అమెరికాలో కాల్విన్ గొడ్డార్డ్ బృందం ప్రచారంలోకి తెచ్చిన ఈ పరికరంలో రెండు గుండ్లు ఒకే దృశ్యంలో, మధ్యన ఒక సన్నని గీతకు అటూ ఇటూ కనిపిస్తాయి. పరీక్షకుడు ఒకదానిని మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట ఎడమ సగం గీతలు కుడి సగంలోకి తెగకుండా కొనసాగుతాయి, లేదా పూర్తి చుట్టు తిరిగినా కలవవు.

తెలుగు పత్రికల నేర వార్తల్లో తరచుగా కనిపించే 7.65 మి.మీ. నాటు పిస్టల్ ఈ పనిని కష్టతరం చేస్తుంది. తూటా ఏ బోరుది దొరికితే ఆ బోరుకే దొంగ తయారీదారూ గొట్టం చేస్తాడు. పౌరులకు అనుమతించిన బోరు కావడం వల్లనే .32 ఎసిపి చీకటి బజారుకూ ఆదర్శమైంది. గాడులు లేని నున్నటి గొట్టమైతే గుండు మీద నమ్మదగిన గీతలు పడవు, అప్పుడు గుల్ల అడుగున ఫైరింగ్ పిన్ దిగిన గుంట, గుల్ల వెనక్కి తన్ని ఒరుసుకున్న గోడ అచ్చు మాత్రమే ఆధారం. పిస్టల్ గుల్లను బయటికి విసిరేస్తుంది కాబట్టి ఆ ఆధారం సాధారణంగా నేల మీదే దొరుకుతుంది. రివాల్వర్ ఖాళీ గుల్లలను తన సిలిండర్‌లోనే ఉంచుకుని వెళ్లిపోతుంది, మిగిలేది ఎముకకో గోడకో తగిలి నలిగిన సీసపు ముద్ద. దాని వ్యాసం కొలవడానికి వీలుండదు, వీలున్నా లాంగ్‌కూ ఎసిపికీ వ్యాసం దాదాపు ఒకటే కాబట్టి ప్రయోజనం ఉండదు; అప్పుడు మొదట చేసేది దానిని తూకం వేయడం. ముక్కలు రాలిపోకుండా ఉంటే ఎసిపి గుండు 4.6 గ్రాముల దగ్గర, తరచుగా రాగి తొడుగుతో తూగుతుంది, 6 గ్రాములు దాటిన సీసం అయితే వెతకవలసింది రివాల్వర్ కోసం.